ఆట అమ్మాలంటే... అమ్మ ఒప్పుకోవాలి!

2000ల తొలినాళ్లు. శ్రీకాకుళం జీటీ రోడ్డైనా, విజయనగరం గంటస్తంభం సెంటరైనా... కొట్లో టీవీ గేమ్ కనిపిస్తే చాలు, పిల్లలు నాన్న చెయ్యి పట్టుకుని లాగాల్సిందే. ఇంటికి తెచ్చాక అమ్మ ఊరుకుంటుందా? 'ఏటిరా ఆ గోల... చదువూ సంధ్యా లేదా, కట్టెయ్!' తయారీదారులకు అసలు చిక్కు అక్కడే. ఆడేది పిల్లలు. డబ్బులివ్వాల్సింది మాత్రం ఆటంటేనే గిట్టని పెద్దలు. మరి వాళ్లకు అమ్మేదెలా?

కీబోర్డు తగిలిస్తే...

జపాన్ సంస్థ నింటెండో 1983లో 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే గేమ్ యంత్రాన్ని తెచ్చింది. దాన్ని చవగ్గా అనుకరించిన కంపెనీలు కొన్ని దానికో కీబోర్డు కలిపాయి. టీవీకి తగిలిస్తే టైపింగ్ పాఠాలు, లెక్కలు, బేసిక్ ప్రోగ్రామింగ్... అంతే! ఆటబొమ్మ కాస్తా చదువు సామగ్రి అయిపోయింది. అమ్మ వంటింట్లోకి వెళ్లగానే మేరియో క్యాసెట్టు ఎక్కేదనుకోండి, అది వేరే సంగతి! చైనాలో సుబోర్ సంస్థ ఇలాంటి యంత్రానికి 1990ల్లో జాకీచాన్‌తోనే ప్రచారం చేయించింది.

అలాగని చదువు మాట ఉత్త బూటకమేమీ కాదు. మన దేశంలో దొరికే ఇలాంటి పెట్టెనే తీసుకుని, 12 డాలర్ల చదువుల కంప్యూటర్‌గా మలచాలని 2008లో అమెరికాలోని ఎంఐటీలో జరిగిన సదస్సులో డెరెక్ లోమస్ బృందం ప్రయత్నించింది.

తాతకు తెలిసిన ఆట

సోనీది మరో దారి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్-2 పాతబడి, ధర దిగొచ్చాక మన ఇళ్లకు తెలిసిన కథలనే ఆటలుగా తెచ్చింది. 2009లో వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్'ని తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. దేవుణ్ని మీటలతో ఆడించడమేమిటని అమెరికాలోని హిందూ నేత రాజన్ జెడ్ అభ్యంతరమూ చెప్పారు. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'ను రూపొందించింది. అందులో కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా ఉన్నాయి. గిల్లీదండా అంటే ఏమిటో కాదు, మన కర్రాబిళ్లే! మనవడు ఆడుతుంటే తాత పక్కన కూర్చుని 'అలా కాదురా' అనగలిగే ఆటలన్నమాట.

ఇక నింటెండో 2006లో తెచ్చిన 'వీ'లో బోలెడు మీటలు నేర్చుకోనక్కర్లేదు. రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే తెరమీద టెన్నిసే. జన్మలో గేమ్ ముట్టని పెద్దవాళ్లూ ఆడేశారు. అవి పది కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ప్లేస్టేషన్-2 తయారీ 2013 జనవరి నాటికి ఆగిపోయింది. పెద్దల్ని ఒప్పించడానికి కీబోర్డులూ కర్రాబిళ్లలూ పట్టుకొచ్చిన ఆ తంటాలేవీ సెల్‌ఫోన్‌కు అక్కర్లేకపోయాయి. మాట్లాడటానికని కొన్న ఫోన్లోనే ఆటలూ వచ్చేశాయి. కుక్కర్ కూతపెట్టే లోపు రంగురంగుల మిఠాయిలు జతచేస్తున్న అమ్మను చూసి, ఇప్పుడు పిల్లలే అంటున్నారు...

'ఏటమ్మా ఆ గోల!'