తడి పెట్టని చేలో ఆరు లక్షల లీటర్లు

ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, బురద పదునుకొచ్చిన చేలో మినుములు చల్లుతారు. ఎకరాకు 16 నుంచి 18 కిలోలు. ఆ తర్వాత పంట చేతికొచ్చేదాకా చాలా చేలకు ఒక్క తడీ ఉండదు. దుక్కీ లేదు, దుక్కిలో వేసే ఎరువూ లేదు. మాగాణి మినుము వరి మిగిల్చినదాంతోనే బతకాలి.

మిగిలేది తక్కువేం కాదు. మొక్క పీల్చుకోగలిగిన నీటిని నల్లరేగడి మీటరు లోతుకు సుమారు 150 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుంది. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు నీరంటే 4,047 లీటర్లు. అంటే ఎకరాకు ఆరు లక్షల లీటర్లు! అయితే వేరు అంత లోతుకు దిగితేనే ఆ లెక్క. ఏటా దమ్ము చేసిన మాగాణిలో జానెడు కింద గట్టిపొర కడుతుంది. దాన్ని కష్టంగా దాటిన వేరు అరమీటరులోనే ఆగిపోతే దక్కేది మూడు లక్షలే.

నీరు తీసేసి ఆరగట్టిన కొత్తలో మట్టి తేమను బార్‌లో మూడోవంతు బలంతో పట్టుకుంటుంది. తేమ తగ్గేకొద్దీ పట్టు బిగుస్తుంది. 15 బార్లకు చేరితే వాడిన పైరు ఇక తేరుకోదు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు, దానికి ఇది ఆరేడు రెట్లు. ఇంత బలాన్ని ఎదిరించి నీటిని లాగేది ఎండా, పొడిగాలీ. గాలిలో తేమ 50 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ లాగుడు 900 బార్లు దాటుతుంది. వేరు తాగిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల రంధ్రాల గుండా గాలిలో కలిసిపోతుంది.

నైట్రేటు ఆ నీటి వెంటే వేరుకు చేరుతుంది. భాస్వరం అలా రాదు. మట్టినీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా కరగదు. నీటితోపాటు వచ్చేది మొక్క అవసరంలో ఐదు శాతం లోపే, మిగతాది మట్టిరేణువుల చుట్టూ ఉన్న పలచని నీటిపొరలో మెల్లగా పాకి రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల అవతలున్నది వేరుకు దాదాపు అందనట్టే. జనవరికి పైమట్టి ఆరితే ఆ దారీ తెగిపోతుంది. పోషకాలు ఎక్కువగా ఉండేది పైమట్టిలో, నీరు మిగిలేది అడుగున. మొక్క కింద తాగుతూ పైన పస్తుంటుంది. నా దృష్టిలో ఆ పొడిమట్టి మీద యూరియా చల్లడం డబ్బు పారబోసుకోవడమే. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకు మీద పిచికారీ చేస్తే పైరు అందుకుంటుంది.

నత్రజనికి ఇంకో ఆధారం ఉంది. నెల రోజుల మొక్కను మట్టితో సహా పెకలించి వేరుబుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోంది.

డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు లెక్క కూడా కలపాలి. మట్టినీటిలో ఉప్పును తెలిపే విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పు నేల. 4 దగ్గర ఉప్పు ఒక్కటే దాదాపు 1.4 బార్ల బలంతో నీటిని పట్టి ఉంచుతుంది. మట్టిలో నీరు సగమైతే ఉప్పు రెట్టింపు చిక్కబడి అది 2.8కి చేరుతుంది. అందుకే కాలువ చివరి భూములకు ఖరీఫ్ నీరు ఆలస్యమైతే దెబ్బ వరితో ఆగదు. నాట్లు వెనక్కి జరిగి కోత వెనక్కి జరుగుతుంది, మినుము తరిగిపోయిన తడిలో, చిక్కబడిన ఉప్పులో మొలకెత్తాల్సి వస్తుంది.