అరుగులు పోయిన వీథి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ మాట దేవుడెరుగు, మనుషులు మాత్రం పడిపోతున్నారు. 2015 వేసవిలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కలిపి రెండువేలమందికి పైగా చనిపోయారు.

బెజవాడలో మా తాతగారు కట్టించిన ఇంటికి వీథివైపున పెద్ద అరుగు, దానిమీదికి వంగిన పెంకుల చూరు, పక్కన వేపచెట్టు ఉండేవి. నాలుగేళ్ళ కిందట ఇల్లు తిరగ కట్టించినప్పుడు కారు షెడ్డు కోసం అరుగు తీయించాను, చెట్టు కొట్టించాను. కారుకి నీడ దొరికింది.

కిందటేడు మే నెలలో మిట్టమధ్యాహ్నం పెరుగమ్మే ముసలమ్మ మా గేటు ముందు సొమ్మసిల్లి పడిపోయింది. లోపలికి తెచ్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, కాస్త తేరుకున్నాక మజ్జిగ ఇచ్చాం. కళ్ళు తెరిచి ఆమె అన్నమాట ఒక్కటే: “ఇక్కడ అరుగుండాలి గదా, బాబూ!”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సింగపూరులో ఇళ్ళ ప్లానులు గీసే మా మేనల్లుడికి ఫోను చేసి చెప్పాను.

“మామయ్యా, ఆరుబయట మనిషిని బాధపెట్టేది గాలిలో వేడి ఒక్కటే కాదు. పైనుంచి ఎండ, కిందనుంచి తారురోడ్డు సెగ, పక్కనుంచి గోడల సెగ, అన్నీ కలిసి కాలుస్తాయి. నీడపడితే వీటిలో చాలాభాగం తగ్గుతుంది. పైగా చెట్టు ఆకులనుంచి నీరు ఆవిరై చల్లబరుస్తుంది” అన్నాడు.

సింగపూరులో 1822 నాటి పట్టణ ప్రణాళికలోనే ప్రతి ఇంటి ముందూ వీథి పొడుగునా కప్పుగల నడవ ఉండాలని నియమం పెట్టారట. ఇప్పటికీ పాత వీథులలో ఆ నడవలు ఉన్నాయి. అంటే మన అరుగులన్నీ వరసగా కలిపేసినట్టన్నమాట!

ఉత్తర దక్షిణాలుగా సాగే వీథిలో ఉదయం తూర్పు వరుస ఇళ్ళు, సాయంత్రం పడమటి వరుస ఇళ్ళు నీడపరుస్తాయి. మా వీథిలా తూర్పు పడమరలుగా సాగేదానికి ఆ అదృష్టం తక్కువ. దానికి చెట్లూ, చూరులూ కావలసిందే. అలాగని వీథుల్ని మరీ ఇరుకు చెయ్యకూడదు. రాజస్థానంలోని పొడి ఎండకు ఇరుకు సందు హాయి, మన కోస్తా ఉక్కకు గాలి ఆడాలి.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత డాబామీద మంచిదే. కాని అదే తెలుపు కాలిబాటకు వేస్తే ఆ ఎండంతా నడిచేవాడి ముఖానికి కొడుతుంది. ఏసీల సంగతి సరేసరి. లోపలి వేడినంతా తెచ్చి వీథిలో పోస్తాయి.

మొన్న శ్రావణంలో ప్రహరీగోడ నాలుగడుగులు లోపలికి జరిపించి, మా స్థలంలోనే అరుగు కట్టించి, పైన రేకుల చూరు దింపించాను. వేపమొక్క నాటాను. “కారెక్కడ పెడతారు?” అంది మా ఆవిడ. ఎండలోనే పెడుతున్నాను. దానికి వడదెబ్బ తగలదు గదా!

ముసలమ్మ మళ్ళీ వస్తోంది. గంప దించి, ఆ అరుగుమీద కాసేపు కూచుని మరీ వెళుతుంది. మొక్క ఇంకా మోకాలెత్తే ఉంది. పెరగడానికి ఏళ్ళు పడుతుంది. కొట్టించడానికి నాకు ఒక్కపూట పట్టింది.