నోటికన్నా ముందు చెవి

కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పసిపిల్లల వినికిడి మీద చేసిన ప్రయోగం 1984లో వెలుగులోకి వచ్చింది. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న ప్రతి తెలుగు కుటుంబమూ దాని గురించి తెలుసుకోవాలని నా కోరిక. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరుగుతున్న పసివాళ్ళను పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టి, హిందీ 'త', 'ట' శబ్దాలను స్పీకర్లోంచి వినిపించారు. ఒక శబ్దమే మళ్ళీమళ్ళీ వినబడుతూ ఉన్నట్టుండి రెండోదిగా మారుతుంది. ఆ మార్పు పసిగట్టి తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ ఆడుతుంది. 6 నుంచి 8 నెలల పిల్లల్లో చాలామంది తేడాను ఇట్టే పట్టేశారు. 10 నుంచి 12 నెలల పిల్లల్లో పట్టగలిగినవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఏడాది వయసున్న హిందీ ఇళ్ళ పిల్లలకు మాత్రం ఆ తేడా చక్కగా తెలుస్తూనే ఉంది.

మన 'పాట'కూ 'పాత'కూ ఉన్న తేడా ఇదే. నాలుక పళ్ళకు తగిలితే త, వెనక్కి మడతపడి అంగిలికి తగిలితే ట. ఇంగ్లీషువాళ్ళ నాలుక ఈ రెంటికీ నడుమ, పై చిగురు దగ్గర ఆగుతుంది. వాళ్ళ భాషకు ఈ తేడాతో పని లేదు. తన చుట్టూ వినబడే భాషకు ఏవి కావాలో వాటికి పదును పెట్టుకుంటూ, అక్కర్లేనివాటిని పక్కకు నెట్టేస్తుంది పాప చెవి. తొలి పలుకు సరిగ్గా రాకముందే ఇంత పని జరిగిపోతోంది. మాటలు రాని బిడ్డతో ఏం మాట్లాడతాంలే అనుకుని ఊరుకునేవాళ్ళు గమనించవలసిన సంగతి ఇది. లాల పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు, బజ్జోబెట్టేటప్పుడు మన అమ్మమ్మలు ఆపకుండా చెప్పే కబుర్లలో ఒక్కటీ వృథా కాదు.

ఆ ఇద్దరు పరిశోధకులే మరొకటి గమనించారు. పుట్టిన తొలి ఒకటి రెండేళ్ళు హిందీ విని, తర్వాత ఆ భాషకు దూరమైనవాళ్ళు పెద్దయ్యాక కూడా ఆ శబ్దాల తేడాను గుర్తించగలిగారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది ఇదే.

అలాగని టీవీలో తెలుగు పాటలు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతే సరిపోదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లల్ని మాండరిన్ చైనీస్ మాట్లాడేవాళ్ళతో 12 సార్లు ఆడనిచ్చింది. పుస్తకాలు చూపించారు, బొమ్మలతో ఆడించారు, అంతే. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అదే మనుషుల్ని, అవే మాటల్ని వీడియోలో చూసిన పిల్లలకు ఏమీ అబ్బలేదు. ఆ ఫలితాలు 2003లో వచ్చాయి.

మరి వీడియో కాల్ సంగతి? రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నట్టే వీడియో కాల్‌లోనూ కొత్త మాటలు నేర్చుకున్నారని, రికార్డు చేసిన వీడియో నుంచి నేర్చుకోలేదని 2014లో అమెరికాలో మరో బృందం చూపించింది. పిల్ల అన్నదానికి అవతలి మనిషి వెంటనే బదులు పలకడం, అదీ కీలకం. అందుకే, ఫోను మొహానికి అడ్డంపెట్టి "తాతయ్యకు హాయ్ చెప్పు" అని రెండు నిమిషాల్లో ముగించే పలకరింపు నాకు చాలదనిపిస్తుంది. అన్నం తింటున్నప్పుడు ఫోను ఎదురుగా నిలబెట్టండి. పప్పు కావాలా, నెయ్యి వేశారా అని తాతయ్య అడగాలి, పిల్లవాడు గిన్నె చూపించాలి.

రెండు భాషలు వింటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్న భయం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. ఒక్కో భాషలో విడిగా లెక్కపెడితే మాటలు కొన్ని తక్కువ కనిపించవచ్చు గానీ రెండూ కలిపితే లోటేమీ ఉండదు. పిల్లవాడు "మిల్క్ కావాలి" అంటే బుర్ర తికమకపడిందని కాదు, చేతికందిన మాట వాడుకున్నాడని.

బడికి వెళ్ళడం మొదలయ్యాక మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. అక్కడే చాలామంది నిరాశపడి తామూ ఇంగ్లీషులోకి మారిపోతారు. దయచేసి మారకండి. వాడు తెలుగు వింటున్నాడు, అర్థం చేసుకుంటున్నాడు. చిన్నప్పుడు కేవలం చెవినపడిన భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళ ఉచ్చారణ, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ కంటే మేలుగా ఉంటుందని కాలిఫోర్నియాలో స్పానిష్ మీద జరిగిన పరిశోధన చెబుతోంది.

ఎప్పుడైనా తెగించి తెలుగులో మాట్లాడి, "నా కాలులు నొప్పి" అన్నాడనుకోండి. నలుగురిలో నవ్వితే మళ్ళీ నోరు విప్పడు. నిజానికి ఆ తప్పులో ఎంత తెలివి ఉందో చూడండి. 'కాలులు' అని ఇంట్లో ఎవరూ అనలేదు. 'పువ్వులు', 'బొమ్మలు' విని బహువచనానికి 'లు' చేర్చాలన్న సూత్రం వాడే పట్టుకున్నాడు. జీన్ బెర్కో 1958లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు కల్పించిన పేర్లున్న బొమ్మలు చూపించి నిరూపించింది ఈ శక్తినే. దిద్దే పని పెట్టుకోకుండా, "కాళ్ళు నొప్పిగా ఉన్నాయా? రా, నూనె రాస్తాను" అనండి. సరైన రూపం చెవిన పడుతుంది, కబురూ తెగదు.