రెక్క పట్టు తప్పితే

అమెరికాలో ఎవరైనా సొంత షెడ్డులో విమానం కట్టుకుని ఎగరొచ్చు. సరదా కోసమో నేర్చుకోవడం కోసమో సగానికి మించిన పని తమ చేతులతో చేస్తే, ప్రయోగాత్మక తరగతిలో అనుమతి ఇస్తారు. ఎయిర్‌లైన్లవి కాని పౌర విమానాల్లో ఇవి దాదాపు పదో వంతు. అయినా 2011లో ఆ రంగంలో జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో వీటి వాటా 21 శాతమని అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు లెక్క తేల్చింది. ఎక్కువగా కనిపించిన కారణాలు రెండు: ఇంజను మొరాయించడం, గాలిలో అదుపు తప్పడం.

అదుపు తప్పడం వెనక తరచుగా ఉండేది స్టాల్. ఎదురొచ్చే గాలికి రెక్క ఎంత ఏటవాలుగా నిలిస్తే, ఒక హద్దు దాకా, పైకెత్తే బలం అంత పెరుగుతుంది. ఆ కోణం ఇంచుమించు 15 డిగ్రీలు దాటాక రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి చెదిరిపోతుంది, ఎత్తే బలం కుప్పకూలుతుంది. ఇంజను నిక్షేపంగా తిరుగుతున్నా సరే.

మలుపుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా తిరిగితే రెక్కలు మోసే బరువు రెట్టింపవుతుంది. మామూలుగా గంటకు 80 కిలోమీటర్ల దగ్గర స్టాలయ్యే విమానం అప్పుడు 113 దగ్గరే స్టాలవుతుంది. రన్‌వే వైపు చివరి మలుపు కాస్త దాటిపోయిందని ముక్కును పక్కకు తిప్పే రడ్డర్‌ను బలంగా తొక్కితే ఒక రెక్క ముందుగా పట్టు వదిలి, విమానం గిర్రున తిరుగుతూ పడుతుంది. తేరుకోవాలంటే ముందు ముక్కు దించాలి. నేల అంత దగ్గర్లో ఉన్నప్పుడు అందుకు చెయ్యి రాదు, వచ్చినా ఎత్తు చాలదు.

విమానాల రూపకర్త బర్ట్ రుటాన్ ఈ చిక్కుకు డిజైన్‌లోనే విరుగుడు వెతికాడు. ఆయన లాంగ్-ఈజీ విమానంలో ముందున్న చిన్న రెక్క మొదట స్టాలవుతుంది, ముక్కు దానంతటదే దిగుతుంది, పెద్ద రెక్క పట్టు నిలుస్తుంది. కానీ అదుపు తప్పడానికి స్టాల్ ఒక్కటే దారి కాదు. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో ప్రాణం పోగొట్టుకున్నది అలాంటి విమానంలోనే. అది ఆయన అప్పుడే కొనుక్కున్న పాత విమానం. నమూనా ప్రకారం ఇంధనపు ట్యాంకు మార్చే పిడి పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినవారు దాన్ని ఎడమ భుజం వెనక అమర్చారు. దాన్ని అందుకోవాలని ఒళ్లు తిప్పినప్పుడు డెన్వర్ కుడి పాదం తెలియకుండానే రడ్డర్‌ను నొక్కిందని బోర్డు నిర్ధారించింది. ఇంధనం నింపుకోకుండా బయల్దేరడాన్నీ తప్పుపట్టింది. ఆ విమానంపై తగిన శిక్షణ లేకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది.

నాకు ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ఫ్యాక్టరీ విమానాలు ఒకే అచ్చులో వస్తాయి. ఇంట్లో కట్టినవి ఒకే నమూనావైనా ఒకదానిలా ఒకటి ఉండవు. ఒకదానిపై సాధించిన అనుభవం రెండోదానిపై అక్కరకు రాకపోవచ్చు. 2011 ప్రమాదాల్లో సగానికి పైగా ఇతరుల నుంచి కొన్న విమానాలవే. కొత్తగా కట్టిన విమానాన్ని పరీక్షించే దశలో మాత్రం, పైలట్ పక్కన అనుభవజ్ఞుడైన మరో పైలట్ కూర్చోవడానికి 2014లో వీలు కల్పించారు.