చింత చేవను కోసే పన్ను

బక్రీద్ దగ్గర పడుతుంటే హైదరాబాద్ పాతబస్తీలో చింత మొద్దులకు గిరాకీ పెరుగుతుంది. చింతమాను బోదెను అడ్డంగా బిళ్ళలు బిళ్ళలుగా కోసి అమ్ముతారు. మాంసం కొట్టే మొద్దు చింతదే కావాలని కసాయి పని తెలిసినవాళ్ళు పట్టుబడతారు. చింతలో పీచు ఒకే దిక్కుగా సాగదు. పొరపొరకూ దిశ మార్చుకుంటూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది. అందుకే కత్తి వేటు ఎన్నిసార్లు పడినా మొద్దు చీలదు, తునకలు లేచి మాంసానికి అంటుకోవు. మొద్దుకు వరమైన ఈ గుణమే రంపానికి పరీక్ష. లోపలి చేవ ముదురు ఊదారంగుకు తిరిగిన పాత చింతనైతే ఒకప్పుడు అటొకరు ఇటొకరు నిలబడి, జంట రంపం లాగి లాగి కోసేవారు. ఇప్పుడా పని చైన్ రంపం చేస్తోంది, నిమిషాల్లో.

ఈ మిషన్ కొనబోయేవాళ్ళు ముందుగా అడిగేది ‘ఎన్ని సీసీ’ అని. ఇంజిన్ బలం అవసరమే, కాదనను. కానీ చైన్ రంపం చరిత్ర చదివిన కొద్దీ నాకు గట్టిగా అనిపించేది ఒకటే: ఇందులో అసలు ఆవిష్కరణ ఇంజిన్ కాదు, గొలుసు మీది పన్ను. ఆ పన్ను సరిగ్గా కుదరడానికి నూటయాభై ఏళ్ళకు పైనే పట్టింది.

కథ మొదలైంది వైద్యుల చేతుల్లో. పద్ధెనిమిదో శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు డాక్టర్లు సన్నని పళ్ళ గొలుసుకు రెండు చివరలా పిడులు తగిలించి, ఎముక కోయడానికి వాడారు. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల మధ్య మృదులాస్థిని తెగ్గొట్టి దారి చేయడానికి, కుళ్ళిన ఎముకను తీసేయడానికి అది పనికొచ్చేది. మత్తుమందు లేని కాలం. తల్లి స్పృహలో ఉండగానే ఈ కోత జరిగేది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మత్తుమందుగా క్లోరోఫాం 1847లో వాడుకలోకి వచ్చింది.

1830 ప్రాంతంలో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో బెర్న్‌హార్డ్ హైనే చేసిన ఎముక కోత పరికరాన్ని చూస్తే ఇవాళ్టి చైన్ రంపం పోలిక స్పష్టంగా కనబడుతుంది. పట్టీ చుట్టూ గొలుసు, చేత్తో తిప్పే మర, మెత్తటి కండకు తగలకుండా అడ్డు. సరుకంతా ఉంది, తిప్పడానికి శక్తే లేదు. అమెరికాలో శామ్యూల్ బెన్స్ అనే ఆయన 1905లో పెద్ద మానులను పడగొట్టే గొలుసు రంపానికి పేటెంటు తీసుకున్నా, అడవిలోకి మోసుకుపోగల ఇంజిన్ లేక ఆ ఆలోచన అక్కడే ఆగింది.

జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపం తయారుచేశాడు. 48 కిలోల బరువు, పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ 58 కిలోల పెట్రోలు రంపాన్ని డోల్మార్ అనే కొండ మీద నడిపి చూపించాడు. ఆ కొండ పేరే కంపెనీ పేరైంది. 1950కి ఒక్క మనిషి వాడగలిగే 16 కిలోల పెట్రోలు రంపం వచ్చింది. 1959 నాటి స్టీల్ కాంట్రా బరువు 12 కిలోలే, శక్తి 6 హార్స్‌పవర్. అప్పటికి డయాఫ్రమ్ కార్బ్యురేటర్ అందివచ్చింది. తేలే బుడ్డి ఉన్న పాత కార్బ్యురేటర్ పక్కకు వంచితే ఆగిపోయేది; డయాఫ్రమ్ వచ్చాక మిషన్‌ను తలకిందులు చేసినా పెట్రోలు అందుతుంది. కొమ్మ కింది నుంచి కోసే పని, బొమ్మ చెక్కే పని దీనివల్లే సాధ్యమయ్యాయి.

ఇంజిన్ ఇలా చిక్కిపోతున్నా గొలుసు మాత్రం చాలాకాలం చేతి రంపాన్నే అనుకరించింది. సూది పళ్ళు కర్రను గీకేవి. పొట్టు గాడిలో నిండిపోయేది, పదును తొందరగా పోయేది, పళ్ళకు సాన పట్టడం ఓ పెద్ద తతంగం. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కట్టెలు కొట్టే మనిషి, ఒక మొద్దులో చూపుడువేలంత పురుగును గమనించాడు. కలప తొలిచే పెంకుపురుగు పిల్ల అది. పీచు నిలువుగా ఉన్నా అడ్డంగా ఉన్నా దానికి లెక్కలేదు. రెండు దవడలతో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కొరుకుతూ సాఫీగా పోతోంది. కాక్స్ ఆ దవడల ఒంపును ఉక్కులో పోతపోయించినట్టు గొలుసు పన్నుగా మలిచి, 1947లో పోర్ట్‌లాండ్‌లోని తన ఇంటి నేలమాళిగలో అమ్మకం మొదలుపెట్టాడు. ఇవాళ మన చింత మొద్దును కోసే గొలుసు ఆ పన్ను సంతతే.

ఆ పన్నును దగ్గరగా చూడాలి. ఒకటి కుడి చేతివాటం, తర్వాతిది ఎడమ. ప్రతి పన్నూ తలకిందులైన ‘ఎల్’ ఆకారంలో వంగి ఉంటుంది. పక్క అంచు పీచును తెగ్గొడుతుంది, పై అంచు చిత్రికలా పొరను లేపుతుంది. పన్ను ముందు ఒక చిన్న ఉక్కు మెట్ట ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు. ఒక్కో కాటుకు ఎంత లోతు దిగాలో నిర్ణయించేది అదే. పై అంచుకూ దీనికీ ఉండే తేడా చాలా గొలుసుల్లో 0.65 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కాస్త తేడా పోతే ఎంత పెద్ద ఇంజిన్ అయినా కర్ర మీద గొలుసును రాపాడించి పొగ పుట్టిస్తుంది తప్ప కోయదు. మెట్టను అత్యాశతో ఎక్కువ అరగదీస్తే మిషన్ ఎగిరెగిరి పడుతుంది.

పదును ఉందా లేదా అన్నది కింద పడే రజను చెబుతుంది. పెచ్చులు పెచ్చులుగా రాలితే పన్ను బాగున్నట్టు. పిండిలా రాలితే ఆపి ఆకురాయి తీయాలి. గుండ్రటి ఆకురాయిని పన్ను లోపలి నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో, ఒకే దిక్కుగా తోయాలి, వెనక్కి లాక్కోకూడదు. అన్ని పళ్ళకూ తోపులు సమానంగా పడాలి, లేదంటే కోత ఒక పక్కకు వంపు తిరుగుతుంది. ఆకురాయి మందం గొలుసు కొలతను బట్టి మారుతుంది: చిన్న మిషన్లకు ఎక్కువగా 4 మిల్లీమీటర్లు, .325 అంగుళాల గొలుసుకు 4.8. నగరంలో కోసేవాళ్ళకు ఇంకో బెడద, మేకులు. బ్యానర్లకూ బోర్డులకూ దిగగొట్టిన మేకులను చెట్టు ఏళ్ళ తరబడి తన కలపలో దాచుకుంటుంది. ఒక్క మేకు తగిలితే పళ్ళ వరుస మొత్తం మొండిబారుతుంది. అందుకే సీసీకి పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకుని అదనపు గొలుసు, ఆకురాళ్ళు కొనుక్కోవడం తెలివైన పని.

కొమ్మలు కొట్టడానికి 30–35 సీసీ మిషన్, 12 లేదా 14 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పట్టీ) సరిపోతాయి. బోదెలకు 50–60 సీసీ, 18–20 అంగుళాలు. బార్ పొడుగ్గా ఉండి ఇంజిన్ చిన్నదైతే చింత చేవలో గొలుసు నిలిచిపోతుంది. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి; 50కి 1 అని కంపెనీ చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. గొలుసుకు వేరే నూనె, వేరే ట్యాంకు. అది అయిపోయినా నడిపితే బార్ నీలంగా మాడుతుంది.

బార్ ముక్కు పైభాగం కర్రకు తగిలితే గొలుసు అక్కడ ఇరుక్కుని, మిషన్ మొత్తం రెప్పపాటులో మొహం వైపు ఎగిరివస్తుంది. దీన్ని కిక్‌బ్యాక్ అంటారు. 1970ల మొదట్లో వచ్చిన చైన్ బ్రేక్ ఎందరి ప్రాణాలనో కాపాడింది. ముందు పిడిని ఎడమచేతి బొటనవేలితో చుట్టి పట్టుకుంటే, మిషన్ ఎగిరినప్పుడు మణికట్టు బ్రేకు అడ్డుపలకకు తగిలి గొలుసు ఆగుతుంది. భుజం ఎత్తు దాటించి కోయడం, నిచ్చెన మీద నిలబడి కోయడం ఎంత అనుభవం ఉన్నా తప్పే. మన దగ్గర చెప్పులు వేసుకుని, లుంగీ ఎగగట్టి ఈ మిషన్ నడిపేవాళ్ళను చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఈ పనికి వేసే రక్షణ ప్యాంటులో పొడుగాటి పీచు పొరలు ఉంటాయి. గొలుసు తగలగానే అవి లేచి గొలుసును తిప్పే పళ్ళచక్రానికి చుట్టుకుని దాన్ని నిలిపేస్తాయి. కూలి ఇచ్చి పని చేయించుకునేవాళ్ళు బూట్లు, ప్యాంటు, చెవులకు మఫ్లు కూడా ఇవ్వాలి.

బొమ్మలు చెక్కేవాళ్ళ బార్ వేరు. ముక్కు చిన్న నాణెమంత సన్నగా ఉంటుంది, గొలుసు పళ్ళు పావు అంగుళం కొలతవి. ముక్కు చిన్నదైతే కిక్‌బ్యాక్ బాగా తగ్గుతుంది, కళ్ళూ చెవులూ మడతలూ తీర్చవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మెఫిస్టోఫిలిస్–మార్గరెట్టా విగ్రహం ముందు నిలబడినవాళ్ళకు ఒకే దుంగలో ఎంత ఇమిడించవచ్చో తెలుసు: ముందు నుంచి అహంకారి, వెనక అద్దంలో తలవంచిన అమ్మాయి. పంతొమ్మిదో శతాబ్దపు ఆ సికమోర్ దుంగ మీద నడిచింది ఉలి. అలాంటి నునుపు చైన్ రంపానికి చేతకాదు. అది చేసేది మోటు పని, అంటే ఉలితో రోజులు పట్టే అదనపు కర్రను తీసేయడం. మన వీధుల్లో గాలివానకు కూలే నిద్రగన్నేరు ఈ పనికి చింత కన్నా చాలా అనుకూలం. దుంగ ఆరేటప్పుడు నడిబొడ్డు నుంచి పగుళ్ళు వస్తాయి కాబట్టి, బొమ్మ వీపు వైపు ముందే బొడ్డు దాకా ఒక గాటు పెడతారు. ఆరేకొద్దీ పగులు ఆ గాటులోనే తెరుచుకుని ముఖం నిలుస్తుంది.

కూలిన చెట్టును తొలగించేటప్పుడు ఆలోచన ఇంకా ఎక్కువ కావాలి. వంగి ఇరుక్కున్న కొమ్మలో ఒక పక్క నొక్కుకుపోయి, మరో పక్క లాగబడి ఉంటుంది. ముందు నొక్కుడు వైపు కొద్దిగా గాటు పెట్టి, తర్వాత లాగుడు వైపు నుంచి కోయాలి. తిరగేస్తే బార్ ఇరుక్కుంటుంది, లేదా కొమ్మ కొరడాలా లేచి మనిషిని కొడుతుంది.

బతికున్న చెట్టు మీద కోతకూ అంతే జాగ్రత్త కావాలి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది వరదై ఊరి మీద పడ్డప్పుడు దాని కొమ్మలు పట్టుకుని 150 మందికి పైగా బతికారు. ఏటా అదే రోజున నగరవాసులు ఆ చెట్టు కింద కలుస్తారు. పాత చెట్టు జోలికి రంపం వెళ్ళాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అది ఉండాల్సిందే. అయితే అనుమతి దొరికాక కొమ్మను ఎలా కోస్తారన్నది కూడా చెట్టు ఆయుష్షును నిర్ణయిస్తుంది. బరువైన కొమ్మకు కోతలు మూడు. బోదెకు జానెడు దూరంలో కింది నుంచి చిన్న గాటు, దానికి కొంచెం అవతల పై నుంచి పూర్తి కోత. అప్పుడు కొమ్మ బెరడు చీల్చుకుపోకుండా విరిగిపడుతుంది. మిగిలిన మోడును చివరగా, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బు బయట కోయాలి. కొత్త బెరడు పుట్టేది ఆ ఉబ్బులోంచే. దాన్ని బోదెతో సమానంగా చెక్కేస్తే గాయం మూయడానికి కణజాలం మిగలదు. పొడుగాటి మోడు వదిలేస్తే అది ఎండి, కుళ్ళు లోపలికి దిగుతుంది.