కడవలో దాగిన జబ్బు

డాక్టరు కాదలచినవారు మనిషి శరీరాన్ని చదవాలని మీకు తెలుసు. ఊరిని కూడా చదవాలని తెలుసా?

2021-22లో చేరినవారి నుంచి ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వారి ఇళ్లకు వెళ్లి ఆరోగ్యస్థితి తెలుసుకోవాలి. హౌస్ సర్జన్‌గా పనిచేసే ఏడాదిలోనూ 12 వారాలు సామాజిక వైద్యానికే కేటాయించారు. ఆలోచన పాతదే. వైద్య విద్యార్థికి ఇలాంటి శిక్షణ మూడు నెలలు ఉండాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది.

ఆసుపత్రిలో రోగులు బోలెడుమంది ఉండగా ఊరికి పోవడం దేనికి? అనంతపురం ప్రాంతంలో ఒక అవ్వను ఊహించుకోండి. మోకాళ్లు, నడుము పట్టేశాయని ఆసుపత్రికి వస్తుంది. నొప్పికి మాత్రలిస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. అదే అవ్వ ఇంటికి విద్యార్థి వెళితే, గడపలో నవ్వుతున్న మనవడి పళ్లమీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. అవ్వ నడుమూ, మనవడి పళ్లూ ఒకే కథ చెబుతున్నాయేమో!

"అవ్వా, తాగే నీళ్లు ఎక్కడివి?"

"పైపు నీళ్లు రాని దినాల్లో బోరు నీళ్లే నాయనా!"

ఇక్కడ ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వాన తగ్గేకొద్దీ బోర్లు లోతుకు దిగాయి. లోపలి గ్రానైటు రాళ్లలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంది. నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే, అది ఫ్లోరైడ్‌గా కరుగుతుంది. రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు, తరువాత ఎముకలు దెబ్బతింటాయి. ఇదే ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని వైద్యులు 1937లో వివరించినప్పుడు, ఆ రోగులు కూడా పల్లెవాసులే, అప్పటి నెల్లూరు జిల్లావారు.

"నీళ్లు కాచి తాగండి" అని మనమంతా చెబుతాం. నేనూ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను! సూక్ష్మజీవులకు అది సరైన మందు. ఫ్లోరైడ్‌కు మాత్రం కాదు. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది. అంటే కాచిన నీటిలో దాని పాలు కాస్త పెరుగుతుంది. ఇల్లు చూడని డాక్టరు మంచి మనసుతోనే తప్పు సలహా ఇవ్వగలడు.

అందుకే విద్యార్థి ఆ బోరు నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి పరీక్షకు పంపాలి. పైపు నీరు ఏ నెలల్లో ఆగుతుందో రాసుకోవాలి. మనవడి పళ్ల చారలు మందులతో పోవు, అవ్వ ఎముకలు మునుపటిలా కావు. కాని ఆ ఇంట్లో ఉయ్యాలలో ఒక పాప ఉంది. ఆ పాప శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల ఇప్పుడే తయారవుతున్నాయి.