నీటిలో దారి చూపు దారము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల శ్రోతలకు బావి క్రొత్త కాదు. చేద జారిపడినచో పాతాళగరిగెను త్రాటికి కట్టి దించుదుము. దానికి చిక్కనినాడు ఈతగాడే నడుమునకు త్రాడు కట్టుకొని మునుగును. గట్టుపై నిలిచినవాడు మాత్రము త్రాటి కొనను విడువడు. మునిగినవాని ప్రాణము ఆ కొననే ఉన్నదని మన పెద్దలెరుగుదురు.

నేడు మన సీమలో నీరు బావులను దాటి నిలిచినది. మైలవరము, గండికోట, చిత్రావతి జలాశయములు వెలసినవి. 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయమున 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగినది. ఇట్టి నీటిలో ఎవరైన గల్లంతైనచో, గాలి సిలిండరు ధరించి దిగినవానికి బురద లేచిన మరుక్షణమే తన చేయి తనకు కానరాదు. అప్పుడు వానికి కన్ను వంటిది రీలు.

1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యా అనువారు ఆక్వాలంగు పరికరమును రూపొందించిరి. మానవుడు నీటిలో స్వేచ్ఛగా తిరుగ నేర్చెను. దానితోపాటు దారి తప్పుటయు నేర్చెను. రీలు ఆ తప్పునకు విరుగుడు.

రీలనగా నేతగాని కండె వంటిదే. చిన్నదానికి పిడి యుండదు. 30 నుండి 45 మీటర్ల దారము పట్టును. చెడిపోవు భాగములు లేనందున క్రొత్తవారికి ఇదియే మేలు. పెద్దదానికి పిడియు, త్రిప్పుటకు చేతికొయ్యయు, బిగించు మరయు ఉండును. గుహలలో, మునిగిన కట్టడములలో దూరము పోవువారికి అది తగినది. దారము అల్లిన నైలానుదై, తెల్లనిదో మెరయు రంగుదో కావలెను. నీట తేలు దారము కాళ్ళకు చుట్టుకొనును.

సాధన నేలమీదనే మొదలుపెట్టవలెను. చెట్ల నడుమ దారము కట్టి, కనులకు గంతలు కట్టుకొని నడచి చూడుడు. నీటిలో మొదటి ముడి నెత్తిపై కప్పు లేనిచోట, రెండవది లోనికి పోవునప్పుడు వేయవలెను. దారము ఎల్లప్పుడు బిగువుగా ఉండవలెను. వదులైన దారము ఉచ్చు. తిరుగునప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి దారమును చుట్టి పట్టుకొనవలెనే కాని లాగరాదు. లాగినచో ముడి జారును. జోడీదారు ముందు రాగా, రీలు పట్టినవాడు దారము చుట్టుకొనుచు వెనుక వచ్చును.

నీటి అడుగునుండి గురుతు బుడ్డిని పైకి వదలునప్పుడు రీలును ఒంటికి తగిలించుకొనరాదు. దారము చిక్కుపడెనా, రీలును వెంటనే విడిచిపెట్టవలెను. లేనిచో బుడ్డి మనిషిని వేగముగా పైకి ఈడ్చును. అది ఊపిరితిత్తులకు ప్రమాదము. దారము కోయు కత్తి చేతికందునట్లు ఉండుట తప్పనిసరి.

శ్రోతలకు మా మనవి యొక్కటే. రీలు కొన్నంతమాత్రమున విద్య రాదు. శిక్షకుని యొద్ద నేర్వనిదే నీట దిగరాదు. పరికరము క్రొత్తదే కాని ధర్మము మన బావిగట్టునాటిదే: మునిగినవానికి తిరిగివచ్చు కొన ఒకటి తప్పక ఉండవలెను.